కాంటా దగ్గర ఎనిమిదో ఆజ్ఞ

యాసంగి వడ్లు కల్లాలకు చేరే రోజుల్లో సుల్తానాబాద్ చుట్టుపక్కల ఏ కొనుగోలు కేంద్రానికి వెళ్లినా ముందు వినిపించే ప్రశ్న ఒకటే: "సంచికి తరుగు ఎంత తీస్తున్నరు?" తేమ 17 శాతం దాటొద్దు, తాలు ఉండొద్దు, సంచి 40 కిలోలు తూగాలి. ఆ 40 మీద ఇంకో కిలో, రెండు కిలోలు పోతున్నాయని రైతులు కాంటా ఆపి లొల్లి చేయడం ఇక్కడ కొత్త కాదు. రైస్ మిల్లుల మీద బతికే ఊరిది. ఆదివారం చర్చిలో దొంగతనం వద్దనే ఆజ్ఞ చదువుతున్నప్పుడు వడ్లు అమ్మిన రైతు, సంచులు మోసిన హమాలీ, చీటీ రాసిన గుమాస్తా ఒకే వరుసలో కూర్చుని ఉంటారు. ముగ్గురూ వినే ఆజ్ఞ ఒకటే. సోమవారం పొద్దున మాత్రం అది ఒక్కొక్కరిని ఒక్కో చోట పట్టుకుంటుంది. ఎక్కడ పట్టుకుంటుందో నేర్పడానికే సంఘం తరతరాలుగా ఒక పద్ధతిని కాపాడుకుంటూ వచ్చింది.

మొదటి పని కంఠతా పట్టడం. సండే స్కూల్ పిల్లలు పది ఆజ్ఞల్ని వేళ్ల మీద లెక్కపెడతారు. ఎడమచేతి బొటనవేలితో మొదలుపెడితే అమ్మానాన్నల ఆజ్ఞ సరిగ్గా చిటికెన వేలి మీద పడుతుంది. చెయ్యి మారగానే నరహత్య. అక్షరం రాని అవ్వలు కూడా ఇలా వేళ్లు మడుస్తూనే పదింటినీ వరుస తప్పకుండా అప్పజెప్పేవారు. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) చర్చికి వెళ్లేవాళ్ల లెక్క కొంచెం వేరు. విగ్రహాల మాటను మొదటి ఆజ్ఞలోనే కలిపి, చివరి ఆజ్ఞను రెండుగా విడదీస్తారు కాబట్టి మనకు ఎనిమిదోదైన దొంగతనం వాళ్లకు ఏడోది. ఆజ్ఞలు మాత్రం నిర్గమకాండం 20లో, ద్వితీయోపదేశకాండం 5లో ఉన్నవే.

కంఠతా వచ్చాక ప్రశ్న మొదలవుతుంది. 1529లో మార్టిన్ లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో ప్రతి ఆజ్ఞ వెనకా ఒకటే అడుగుతాడు: దీనికి అర్థం ఏమిటి? మద్రాసులో పనిచేసి వెళ్లిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746లో జర్మనీలోని హాలేలో తెలుగు ప్రశ్నోత్తరిని అచ్చు వేయించాడు. తెలుగులో మొట్టమొదట అచ్చెక్కిన పుస్తకాల్లో అదొకటి. మన భాష అచ్చులోకి అడుగుపెట్టినప్పుడే ఇలాంటి ప్రశ్నలు దాని వెంట ఉన్నాయని తలచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

దొంగతనం అంటే కన్నం వేయడం ఒక్కటే అనుకోవద్దు, నాసిరకం సరుకు అంటగట్టడం, మోసపు బేరం చేయడం కూడా అదేనని లూథర్ జవాబు. అక్కడితో ఆగడు. పొరుగువాడి సొమ్ము, బతుకుతెరువు నిలబడేలా చెయ్యి వేయాలంటాడు. వద్దన్న ప్రతి మాట లోపల చేయాల్సిన పని ఒకటి ఉందని వెతకడమే ఈ చదువులోని కిటుకు. 17వ శతాబ్దంలో వెస్ట్‌మినిస్టర్ పెద్ద ప్రశ్నోత్తరి దీన్ని నియమంగానే పెట్టింది. దాన్ని మన కల్లంలోకి తెచ్చి చూడండి. కింద తడి వడ్లు పోసి పైన ఎండినవి పరవకపోవడం సగం ఆజ్ఞే. లెక్క రాని పక్క రైతు సంచి తూగుతున్నప్పుడు వెళ్లి అతని పక్కన నిలబడితే మిగతా సగం. ద్వితీయోపదేశకాండం 25 సంచిలో పెద్దదీ చిన్నదీ రెండు రకాల తూకపు రాళ్లు పెట్టుకోవద్దంటుంది. కొనడానికి ఒక రాయి, అమ్మడానికి ఇంకో రాయి. ఆనాటి తరుగు అది. ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చినా ఆ రెండో రాయి ఇంకా ఎక్కడో ఉంది.

ఈ పది మాటల్ని మన జిల్లా జనం ఏ స్థితిలో విన్నారో మర్చిపోతే వాటి విలువ సగం కూడా అర్థం కాదు. 19వ శతాబ్దం చివర్లో వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు సికింద్రాబాద్ నుంచి ఇటువైపు ఊళ్లకు వచ్చారు. ఆ సంఘాలు 1947 సెప్టెంబర్ 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సీఎస్ఐలో చేరాయి. 1978లో కరీంనగర్ డయాసిస్ ఏర్పడింది. మొదట్లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల వాళ్లు, నిజాం రాజ్యంలో దొరల కింద వెట్టి చేసినవాళ్లు, తరాలుగా జీతం ఉన్నవాళ్లు. వాళ్ల చెవిన పడ్డ పది ఆజ్ఞలు హుకుంతో మొదలు కావు. మిమ్మల్ని దాస్యం నుంచి బయటికి తెచ్చినవాడిని నేనే అని దేవుడు తనను తాను చెప్పుకోవడంతో మొదలవుతాయి. దొర నోటి నుంచి ఆజ్ఞలు తప్ప ఏమీ వినని మనిషికి, విడిపించినవాడు ఆజ్ఞ ఇవ్వడం ఎంత కొత్తగా ఉండి ఉంటుంది!

విశ్రాంతి దినం సంగతే చూడండి. నిర్గమకాండం సృష్టిని గుర్తుచేసి విశ్రాంతి తీసుకోమంటుంది. ద్వితీయోపదేశకాండం మాత్రం నువ్వూ ఒకప్పుడు బానిసవే కదా అంటుంది. దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఇంట్లో ఉన్న పరదేశి, అందరికీ ఆ రోజు సెలవు ఉండాలి. జీతగానికి సెలవన్నదే లేని ఊళ్లో ఇది చిన్న మాట కాదు. ఇప్పుడు నాట్ల కాలంలో ఆదివారం కూలికి పోయిన అక్కను, గోదావరిఖని గనిలో రెట్టింపు కూలి వస్తుందని ప్లేడే నాడు, అంటే గని సెలవు రోజున, దిగిన అన్నను చర్చిలో నిలబెట్టి తప్పుపట్టడం నాకు నచ్చదు. ఆజ్ఞ మాట్లాడుతున్నది పనివాళ్లు ఉన్నవాడితో. ముందు జవాబు చెప్పాల్సింది అతడే. ఆ సీజన్‌లో ఆరాధనను తెల్లవారకముందుకో, రాత్రికో జరుపుకుంటే సంఘానికి వచ్చే నష్టమేమీ లేదు.

తొమ్మిదో ఆజ్ఞ దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. అబద్ధ సాక్ష్యం అనగానే కోర్టు గుర్తొస్తుంది. దాని పుట్టుక కూడా అక్కడే. ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ నేరస్థుణ్ని చేయొద్దని, అబద్ధం చెప్పిన సాక్షి ఎదుటివాడికి తలపెట్టిన శిక్షను తానే అనుభవించాలని ద్వితీయోపదేశకాండం 19 నియమం పెట్టింది. మన ఊళ్లలో మాత్రం తీర్పులు కోర్టు దాకా పోవు. పిల్లకు జ్వరం తగ్గదు, బర్రె పాలు ఆపుతుంది. అరుగు మీద ఎవరో "ఆమెనే చేసింది" అంటారు. బాణామతి, చేతబడి నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన నేల ఇది. అక్కడ తొమ్మిదో ఆజ్ఞ తప్పినవాళ్లే ఆరో ఆజ్ఞ తప్పడానికీ దారి తీశారు. ఆ అరుగు మీద కూర్చున్న క్రైస్తవుడు నోరు మూసుకున్నా ఆజ్ఞ నిలబెట్టినట్టు కాదు. "నువ్వు చూసినవా?" అని ఒక్కసారి అడగాలి. ఇంకో మాట బాధతోనే రాస్తున్నాను. మన స్వస్థత కూడికల్లోనే కొందరు బోధకులు "నీ మీద ఎవరో చేయించారు" అంటారు. పేరు చెప్పకపోయినా, ఆ రాత్రి ఇంటికి వెళ్లిన మనిషి పొరుగింటి వైపే చూస్తాడు.

అమ్మానాన్నల ఆజ్ఞను పిల్లలకు నేర్పుతాం గానీ అది మొదట పెద్దవాళ్లకే తగులుతుంది. తల్లిని నెలకొకరు చొప్పున వంతులేసుకున్న ఇళ్లు మనలోనూ ఉన్నాయి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ప్రకారం ఆమె ఆర్డీఓ దగ్గరికి వెళ్లి పోషణ అడగొచ్చు. మార్కు 7లో యేసు కోప్పడింది ఇలాంటివాళ్లనే. దేవునికి అర్పించేశామని చెప్పి కన్నవాళ్లకు పెట్టాల్సింది ఎగ్గొట్టినవాళ్లను. దశమభాగం కవరు వేసేముందు ఆ నెల అమ్మ ఎవరి ఇంట్లో ఉందో చూసుకోవాలి.

1552 నాటి ఇంగ్లండు ప్రార్థనా క్రమంలో బల్ల ఆరాధన మొదట్లోనే పది ఆజ్ఞలూ చదువుతారు. ఒక్కొక్క ఆజ్ఞ తర్వాత సంఘమంతా కనికరం అడుగుతుంది, ఆ ఆజ్ఞవైపు తమ మనసును తిప్పమని వేడుకుంటుంది. ఆ పాత అలవాటు ఉన్న ఒక చర్చిలో, ఆరాధన అయ్యాక, మిల్లులో చీటీలు రాసే ఒకతను అయ్యగారిని అడగడం విన్నాను.

"సేటు ఎంత చెప్తే అంత తరుగు రాస్త. పాపం ఎవలదైతది అయ్యగారూ?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. "రాసే చెయ్యి నీదే గద బిడ్డా," అన్నాడు కాసేపటికి. "కాంటా ఎంత చూపితే అంత ఒక గడిల రాయి. కోసింది పక్క గడిల రాయి. రైతుకు కనవడాలె. అడుగుడు ఆయన పని."

తర్వాతి ఆదివారం అతను రాలేదు. ఆ పై వారం వచ్చి వెనక బెంచీలో, గోడ పక్కన కూర్చున్నాడు. ఆజ్ఞలు చదువుతూ చదువుతూ ఎనిమిదోదాని దగ్గరికి వచ్చారు. సంఘమంతా కలిసి జవాబు పలికింది. అతని గొంతు మాత్రం నాకు విడిగా వినబడింది.