పేరులో లేని తల్లులు

గోదావరి డెల్టా క్రైస్తవ మిషను శతవర్ష చరిత్రను బ్రామ్లీగారు 1937లో నాంగ్లమున ప్రకటించిరి. ‘దేవుడు పంపిన పురుషులు’ అని దాని పేరున కర్థము. నిడదవోలునుండి సాగిన రైలుదారి ముగియు నరసాపురమున నా సేవకు మూలపురుషులు బౌడెను, బీరు. కాని 1836లో నోడయెక్కినది వారిరువురే కాదు, వారి భార్యలును. బోధకుడు పల్లెలు తిరుగుచుండగా జ్వరపుబిడ్డకడ మేలుకొను వారెవరు? పరభాషలో సంసారము నడుపు వారెవరు?

ఆ పేరు బైబిలు వాక్యము ననుసరించిన దనవచ్చును. నిజమే, కాని మూలమున నున్నది యొక్క పురుషుడే. ఏకవచనమును బహువచనము చేయగలిగిన కలము తల్లులకు మాత్రము చోటీయజాలదా?

ఈ లోపము పరాయివారిదే యనుకొనకుడు. 1881లో రాజమహేంద్రవరమున జరిగిన మొదటి వితంతువివాహమునకు వంటవారు రాకపోగా, నీరు మోసి వండిపెట్టినది రాజ్యలక్ష్మమ్మగారు. మనము మొదట తలచునది వీరేశలింగముగారినే కదా!