చివరి క్షణం ముందు ఏం జరిగింది? నల్లమల ఎదురుకాల్పులు – ఆత్మరక్షణ వాదం

ఉగ్రవాదంపై యుద్ధం పేరిట రాజ్యం వ్యక్తులను ఎంచుకుని చంపడం చట్టబద్ధమా అన్న ప్రశ్నను మన విశ్వవిద్యాలయాలు సాధారణంగా గాజా, యెమెన్ ఉదాహరణలతో చర్చిస్తాయి. అంత దూరం వెళ్ళనక్కరలేదు. నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్, కొల్లాపూర్ ప్రాంతాల నుంచి కృష్ణకు ఆవల ప్రకాశం జిల్లా దాకా వ్యాపించిన నల్లమల దశాబ్దాల పాటు ఈ ప్రశ్నను మోసింది.

ఆ హింస ఏకపక్షం కాదు. 1993లో కొల్లాపూర్ సమీపంలోని సోమశిల వద్ద నక్సలైట్ల మందుపాతరకు మహబూబ్‌నగర్ జిల్లా ఎస్పీ పరదేశి నాయుడు బలయ్యారు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డిని మావోయిస్టులు కాల్చిచంపారు. హక్కుల సాహిత్యం ఈ ఘటనలను వేగంగా దాటవేస్తుంది. దాని వాదానికి అది బలం కాదు.

2006 జూలై 23న ప్రకాశం జిల్లా వైపు నల్లమలలో మావోయిస్టు నాయకుడు మాధవ్‌తో సహా ఎనిమిది మంది మరణించారు. ఈ మరణాలపై పౌరహక్కుల సంఘం న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది: ఎన్‌కౌంటర్ మరణంపై ఎఫ్‌ఐఆర్ నమోదు కావాలి, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు కావలసిన వాదం. సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది.

తీర్పు సాహసోపేతమైనదే. కానీ దానిని కీర్తించే వ్యాసాలు ఒక పరిమితిని గుర్తించలేదని నా అభిప్రాయం. ఆత్మరక్షణ సూత్రం తుపాకీ పేలిన చివరి క్షణాన్నే చూస్తుంది. గురిపెట్టడం మాత్రం అంతకుముందే, సమాచారం అందిన రాత్రి, బలగాలను పంపిన గదిలో జరుగుతుంది. అరెస్టుకు అవకాశం ఉందా, దాన్ని ఎవరు ఎందుకు వదులుకున్నారు అన్న ప్రశ్నలు ఆ సూత్రంలో ఇమడవు. జిబ్రాల్టర్‌లో ఐఆర్ఏ సభ్యుల మరణాలకు సంబంధించిన మెకాన్ కేసులో 1995లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం సరిగ్గా ఈ ప్రణాళికా దశనే పరిశీలించి, కాల్చిన సైనికులను కాక ఆ చర్యను నడిపిన తీరును తప్పుపట్టింది.

మరోవైపు, యుద్ధమన్న వాదాన్ని అంగీకరించిన ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు కూడా 2006 డిసెంబరు తీర్పులో అరెస్టు సాధ్యమైతే చంపరాదని, చంపిన తర్వాత స్వతంత్ర దర్యాప్తు జరగాలని షరతులు పెట్టింది. మన రాజ్యం సభల్లో యుద్ధభాష మాట్లాడుతుంది, కోర్టులో ఆత్మరక్షణ అంటుంది. ఆ విధంగా యుద్ధ న్యాయపు షరతులూ దానికి అంటవు, శాంతికాలపు రుజువు భారమూ అంటదు. మణిపూర్ కేసులో 2016లో సుప్రీంకోర్టు అక్కడున్నది అంతర్గత కల్లోలమే తప్ప యుద్ధం కాదని స్పష్టం చేయడం ఇందుకే ముఖ్యం.

2014లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అన్నది. అయితే నిందితుడెవరో తేలాలి కదా! పోలీసులపై హత్యాయత్నం చేశాడంటూ మృతుడినే నిందితుడిగా చూపే ఎఫ్‌ఐఆర్‌తో మార్గదర్శకం అక్షరాలా నెరవేరినట్లే కనిపిస్తుంది. నిందితుడు మరణించినందున ఆ కేసు అక్కడితో మూతపడుతుంది. ఆ రాత్రి బలగాలను పంపినవారిని ప్రశ్నించే సందర్భమే రాదు.