నేల కనబడితే నామోషీ

టూవూంబాలో మంచి తోటమాలికి నేల కనబడితే నామోషీ. గులాబీ మడైనా, వంగ పాదైనా, మొక్కల మధ్య మట్టి బోసిగా ఎండకు మాడుతుంటే ఆ తోట ఎంత విరగబూసినా వాళ్ల లెక్కలో సగం మార్కులే. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కు పడమరగా సుమారు 125 కిలోమీటర్ల దూరంలో, 700 మీటర్ల ఎత్తున, కొండ అంచున ఉన్న ఊరిది. 1950లో మొదలైన కార్నివాల్ ఆఫ్ ఫ్లవర్స్ దీనికి పేరు తెచ్చింది. సెప్టెంబరులో వచ్చే జనమంతా పూలు చూస్తారు. నేను మాత్రం పూల కింద పరిచిన గడ్డిని చూస్తాను. అసలు పనితనం అక్కడుంది.

మల్చింగ్ అంటే మొక్క మొదట్లో ఇంత చెత్త పోయడం అనుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముందు కలుపును వేళ్లతో సహా తీయాలి. తర్వాత నేల బాగా నానేలా నీళ్లు పెట్టాలి. పొడినేల మీద గడ్డి పరిస్తే చిన్న జల్లు గడ్డిలోనే ఆగిపోతుంది, వేరు దాకా దిగదు. ఆ మీదట 5 నుంచి 7 సెంటీమీటర్ల మందాన పరచాలి. పలచనైతే కలుపు పొడుచుకొస్తుంది, మరీ మందమైతే వేరుకు గాలాడదు. కాండానికి ఆనించకుండా బెత్తెడు ఖాళీ వదలకపోతే మొదలు కుళ్లుతుంది.

ఏ మొక్కకు ఏది పరచాలన్నది అసలు విద్య. గులాబీకి లూసర్న్ గడ్డి. అది పప్పుజాతిది కాబట్టి కుళ్లుతూనే నత్రజని ఇస్తుంది. పైగా వాన చినుకు నేలను కొట్టి మట్టిని ఆకుల మీదికి చిందించదు, నల్లమచ్చ తెగులు తగ్గుతుంది. కూరగాయలకు తరిగిన ఎండు చెరకాకు. చెట్లకు చెక్కపేళ్లు, అవి కూడా కొన్ని నెలలు కుప్పలో మాగినవి. పచ్చి పేళ్లను మట్టిలో కలిపితే అవి కుళ్లడానికి నేలలోని నత్రజనినే లాక్కుంటాయి, మొక్క పాలిపోతుంది.

తెల్లవారుజామున గడ్డి మీద మంచు గడ్డకట్టే రోజుల్లో ఇక్కడి చేయి తిరిగినవాళ్లు చేసే పని చూసి తీరాలి. మల్చ్ వేరును కాపాడుతుంది గానీ, రాత్రిపూట నేలలోంచి పైకొచ్చే వెచ్చదనాన్ని ఆపేస్తుంది, పైన లేత చిగురు మాడుతుంది. అందుకే మంచుకు ఓర్వని మొక్కల దగ్గర గడ్డిని పక్కకు లాగి, వసంతంలో నేల వేడెక్కాక మళ్లీ పరుస్తారు. పెరట్లో కరివేపాకు బతికించుకోవాలని తంటాలు పడే ఇక్కడి తెలుగువాళ్లు నేర్చుకోవలసిన మెలకువ ఇది.

అలాంటి తోటలో గడ్డిపొరను రెండు వేళ్లతో ఎత్తి చూడండి. పైన పసుపుపచ్చగా ఎండిన పరకలు. వాటి కింద తెల్లని బూజు దారాలు అల్లుకున్న మెత్తటి గోధుమరంగు పొర. ఇంకా కిందికి వెళితే గడ్డి ఏదో, ఎర్రమట్టి ఏదో తేల్చలేం. మిట్టమధ్యాహ్నం కూడా వేలికి చల్లగా తగులుతుంది. వానపాము ఉలిక్కిపడి లోపలికి జారుకుంటుంది.

ఈ విద్య ఎప్పుడు, ఎక్కడ పుట్టిందంటే అడవిలో రాలిన ఆకును అడగాలి. మహానుభావుల పేర్లు మాత్రం చెప్పకుండా ఉండలేను. అమెరికాలో రూత్ స్టౌట్ దున్నడం, తవ్వడం మానేసి, ఏడాది పొడుగునా గడ్డి కప్పి కూరగాయలు పండించింది. సిడ్నీలో ఎస్తర్ డీన్స్ పాత వార్తాపత్రికల మీద లూసర్న్, గడ్డి, కంపోస్టు పొరలు పేర్చి, 1970ల్లో ఆస్ట్రేలియాకు పార పట్టని తోటపని నేర్పింది. జపాన్‌లో ఫుకుఒకా వరిగడ్డిని మళ్లీ వరిచేనికే ఇచ్చేశాడు. మన దేశంలో పాలేకర్ ‘ఆచ్ఛాదన’ను, అంటే నేలను కప్పి ఉంచడాన్ని, ప్రకృతి సేద్యానికి ఒక మూలస్తంభంగా నిలిపారు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఏడాదంతా నేలను కప్పి ఉంచమంటోంది.

టూవూంబాకు నీటి విలువ కరవు నేర్పింది. 2006 జూలై 29న శుద్ధి చేసిన మురుగునీటిని తాగునీటిలో కలపాలా అని ఊరంతా ఓటేసింది. దాదాపు 62 శాతం వద్దన్నారు. గొట్టంతో తోట తడపకూడదన్న ఆంక్షల నడుమ తోటలకు ఆసరా అయింది ఈ గడ్డిపొరే.

అలాంటి ఊళ్లోనే ఇప్పుడు రంగు పూసిన చెక్కపేళ్లు, నల్ల ప్లాస్టిక్ మీద గులకరాళ్లు అలంకారమైపోయాయి. రాయి కుళ్లదు, నేలకు తిండి పెట్టదు, ఎండకు కాలి మొక్కను ఉడికిస్తుంది. దాన్ని మల్చ్ అనడం నేలను అవమానించడమే. మన దగ్గర టమాటా, పుచ్చ, మిర్చి చేలలో పరిచే పలచటి ప్లాస్టిక్ షీటు తడిని ఆపుతుంది, కలుపును అణుస్తుంది, ఒప్పుకుంటాను. పంట అయ్యాక చిరిగి మట్టిలో కలిసే ఆ పీలికలను ఏరేదెవరు? ఇంకోపక్క వరికోత మిషన్ వెళ్లగానే గడ్డికి నిప్పు పెట్టేస్తున్నాం. ఉత్తర క్వీన్స్‌లాండ్ చెరకు రైతులూ ఒకప్పుడు తోట తగలబెట్టే నరికేవారు. 1980ల నుంచి చాలామంది పచ్చిగానే కోసి, ఆకును పొలంలో వదలడం మొదలుపెట్టారు. వాళ్లు మారగలిగితే మనకేం అడ్డం?

టూవూంబాలో ఉన్నవారు మల్చ్ సంచి విప్పేటప్పుడు మాస్కు పెట్టుకోండి, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లండి. 2023లో ఊరి పొలిమేర క్లైంటన్‌లో ఫైర్ యాంట్స్ అనే చీమలు బయటపడ్డాయి, అవి మల్చ్‌లో చేరి వ్యాపిస్తాయి కాబట్టి అది ఎక్కడినుంచి వచ్చిందో అడిగి కొనండి. తెలుగు నేల మీద ఉన్నవారికి నా మనవి ఒక్కటే: పెరట్లో ఊడ్చిన ఆకుకు అగ్గిపుల్ల గీయకండి. దాన్ని మొక్క మొదట్లోకి చేర్చండి.