అరసున్న

పోయిన వారం ఒక శతకం ప్రూఫులు నా బల్ల మీదకొచ్చాయి. ఎప్పుడో అచ్చయిన పుస్తకం, మళ్ళీ వేస్తున్నారు. పాత ఫాంటులోంచి యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఎక్కడో తేడా వచ్చి అరసున్నలన్నీ రాలిపోయాయి. 116 పేజీల్లో ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. డీటీపీ చేసే కుర్రాడు "ఎలాగూ పలకం కదా సార్, వదిలేద్దామా?" అని అడిగాడు. వాడి తప్పేం లేదు, బళ్ళో ఎవరూ చెప్పి ఉండరు. నేను మాత్రం వదల్లేను. ఒకప్పుడు నా పేరు అదే.

1984లో విజయవాడ గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్‌గా చేరాను. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులకు వెళ్ళే సరుకులో చాలా భాగం అప్పట్లో ఆ చుట్టుపక్కల సందుల్లోనే అచ్చయ్యేది. ట్రెడిల్ చప్పుడు, సిరా వాసన, గాలీ ప్రూఫుల తడి. ఊరికి కొత్త, పైగా ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. చేరిన మూడో రోజున ఒక పద్యంలో "వాడు" అని ఉన్నచోట మార్జిన్లో అరసున్న గీసి పంపాను. కాసేపటికి కంపోజిటరు అక్షరాలు పేర్చే స్టిక్కు చేత్తో పట్టుకునే నా దగ్గరికొచ్చాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద ఉంటాడు. భారీ మనిషి.

"ఇదెందుకు?" అన్నాడు. కోపం కాదు, తెలుసుకుందామని.

చెప్పాను. 'వాఁడు' అంటే అతను. అరసున్న తీసేస్తే 'వాడు', అంటే వాడిపోవడం. అలాగే 'నాఁడు' అంటే రోజు, 'నాడు' అంటే సీమ. 'ఏఁడు' సంవత్సరం, 'ఏడు' ఆరు తర్వాతి అంకె. అంతా విని వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చి నా అరచేతిలో ఒక సీసపు ముక్క పెట్టాడు. గోరంత సన్నగా ఉంది. దాని కొసన తిరగబడిన చిన్న వంపు. "ఇదీ నీలాగే ఉంది. సన్నగా ఉంటుంది, నోరు విప్పదు. లేకపోతే మాత్రం మాట మారిపోతుంది" అన్నాడు. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర అందరిలోనూ "ఒరే అరసున్నా" అని పిలిచాడు. ఇరవై అయిదేళ్ళు ఇంకో పేరుతో పిలవలేదు.

నేనూ ఊరుకోలేదు. వాడు 'ర' పలికితే రాళ్ళ బాట మీద బండి వెళ్ళినట్టుండేది. అందుకని బండిరా అని పెట్టాను. 'శకటరేఫ' అని పంతుళ్ళు చెప్పే ఱ. రెండూ తెలుగు అచ్చులో పని పోయిన అక్షరాలే. 1858లో అచ్చయిన చిన్నయసూరి బాలవ్యాకరణం నాటికి ఇవి లేకుండా రాయడమంటే తప్పు. వ్యావహారిక భాష పుస్తకాల్లోకి వచ్చాక నెమ్మదిగా తప్పుకున్నాయి. ఆ మార్పు మంచిదేనని నా నమ్మకం. గిడుగువారి పట్టుదల లేకపోతే నాబోటివాళ్ళు ఇలా ఒక కాలమ్ రాయగలిగేవాళ్ళే కాదు. అయినా టైపు కేసులో ఆ రెండక్షరాల గళ్ళలో దుమ్ము చేరడం వాడు సహించేవాడు కాదు. శతకమో పురాణమో వచ్చినప్పుడు తప్ప వాటితో పనుండదు. వాడు మాత్రం నెలకోసారి ఆ గళ్ళు ఊది, తుడిచి పెట్టేవాడు.

వాడు కంపోజ్ చేస్తుంటే చూడాలి. ఎడం చేతిలో స్టిక్కు, కళ్ళు రాతప్రతి మీద, కుడి చెయ్యి మాత్రం కేసు మీద తనంత తాను తిరిగేది. తెలుగు కేసంటే ఇంగ్లిషులా ఇరవయ్యారు అక్షరాలతో పోయేది కాదు. గుణింతాలు, వత్తులు, అన్నిటికీ వేరువేరు గళ్ళు. అక్షరం ఒంటికి ఒక పక్క చిన్న గాడి ఉంటుంది. బొటనవేలికి ఆ గాడి తగిలితే చాలు, అక్షరం తిన్నగా ఉందో తిరగబడిందో తెలిసిపోతుంది, చూడక్కర్లేదు. నేను అద్దంలో తప్ప చదవలేని వరుసల్ని వాడు స్టిక్కులోనే గడగడా చదివేసేవాడు. చదువు అయిదో తరగతితో ఆగింది. కానీ వాడి వేళ్ళకు తెలిసినంత తెలుగు నాకు డిగ్రీ చదివినా రాలేదు. ఇది వినయంతో అంటున్న మాట కాదు. ఎన్నోసార్లు నా కంటికి తప్పిపోయిన వత్తుని వాడి వేలు పట్టింది.

"అరసున్నా!" అని కేసు దగ్గర్నుంచి కేక వేసేవాడు. నేను ప్రూఫులోంచి తల ఎత్తకుండానే "ఆఁ" అనేవాణ్ణి. "అదిగో, పలికింది!" అని సంబరపడేవాడు. వాడికి ఆ సంగతి చెప్పింది నేనే. పుస్తకాల్లోంచి పోయినా అరసున్న మన నోట్లో ఇంకా బతికే ఉంది. పిలిస్తే 'ఆఁ' అంటాం. కథ చెప్తుంటే పిల్లలు 'ఊఁ' కొడతారు. అక్కడది ముక్కుతో నిక్షేపంగా పలుకుతుంది. ఇక పనున్నా లేకపోయినా రోజుకి పదిసార్లు పిలిచేవాడు, ఆ 'ఆఁ' కోసం.

అరసున్న పుట్టుక గురించి కూడా మేం చాలా మాట్లాడుకున్నాం. 'వచ్చెను కదా' అనేది పద్యంలో 'వచ్చెఁ గదా' అవుతుంది. అక్కడున్న నకారం వెళ్ళిపోతూ తన చోట ఆ గుర్తు పెట్టి వెళ్ళింది. 'మూఁడు'లో ఉన్నదీ అలాంటిదే. తమిళంలో ఇప్పటికీ 'మూన్ఱు' అని రాస్తారు. నకారం, బండిరా అక్కడ ఆనుకుని ఉన్నాయి. మన దగ్గర నకారం అరసున్నగా చిక్కిపోయింది, పక్కనున్నది 'డ' అయింది. ఇది చెప్పిన రోజు వాడు చేతిలో పని ఆపేశాడు. "అయితే ఒకప్పుడు మనిద్దరం ఒకే మాటలో ఉన్నామన్నమాట" అన్నాడు. మర్నాడు ఇంటి దగ్గర్నుంచి నాకు క్యారేజీ తెచ్చాడు. గోంగూర పప్పు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంకొకటి వాడు కనిపెట్టిందే. ఒక పద్యం కూరుస్తూ అరిచాడు. "చూశావా, 'తలఁపు'లో నువ్వున్నావు. 'మఱపు'లో నేనున్నాను." అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

1996లో ప్రెస్సు మూసేశారు. అప్పటికే ఊరంతా డీటీపీ వచ్చేసింది. టైపునంతా పాత సీసం కింద తూకానికి అమ్మేశారు. దాన్ని తీసుకెళ్ళే బండి వచ్చే రోజున ఉదయాన్నే నేను వెళ్ళేసరికి వాడు ఒంటరిగా ఉన్నాడు. ఆఖరి ఫారం, ఏదో సంఘం వార్షిక నివేదిక, బల్ల మీద ఇంకా కట్టే ఉంది. వాడు దారం విప్పాడు. కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో సిరా తుడిచాడు. ఒక్కో వరుసా చేతిలోకి తీసుకుని, ఒక్కో అక్షరాన్నీ దాని గడిలో వేయడం మొదలుపెట్టాడు. క గడిలో క, య వత్తు గడిలో య వత్తు. ఇంకో రెండు గంటల్లో అన్నీ ఒకే గోతంలో పడతాయని నాకు తెలుసు, వాడికీ తెలుసు. "ఎందుకురా బండీ?" అన్నాను. "పని అయ్యాక ఎక్కడివక్కడ పెట్టాలి కదా" అన్నాడు. నేనూ ఒక వరుస చేతిలోకి తీసుకున్నాను. నాకు గళ్ళు సరిగ్గా తెలియవు, అడిగి అడిగి వేశాను. పదకొండు గంటలకు కేసులు ఎత్తి గోతాల్లో ఒంపేశారు. ఆ చప్పుడు గురించి రాయలేను.

తర్వాత వాడు బైండింగు పనికి వెళ్ళాడు. నేను కంప్యూటర్లో ప్రూఫులు చూడ్డానికి అలవాటుపడ్డాను. ఆదివారాలు కలిసేవాళ్ళం. 2009లో వాడికి జబ్బు చేసింది, ముదిరాక గానీ తెలియలేదు. చివరి రోజుల్లో గొంతు లేవలేదు. పక్కన కూర్చుంటే పెదాలు కదిపేవాడు. ఆ నాలుగక్షరాలూ నాకు చూడగానే తెలిసేవి. "ఆఁ" అనేవాణ్ణి. కళ్ళలో ఆ పాత సంబరమే.

వాడు పోయాక నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. టీ కొట్టు దగ్గరి వాళ్ళందరూ తలో ఊరూ వెళ్ళిపోయారు. బయట నన్ను మాస్టారంటారు, సారంటారు. బంధువుల్లో వరసలున్నాయి. వాటిలో ఏదీ నన్ను ఆ ప్రెస్సు గదిలోకి తీసుకెళ్ళదు. మన దగ్గర పెట్టుడు పేరు అసలు పేరుని పక్కకు నెట్టేయడం కొత్తేమీ కాదు. సత్తిరాజు లక్ష్మీనారాయణ అంటే ఆలోచించాలి, బాపు అంటే బొమ్మ కళ్ళ ముందుకొస్తుంది. కానీ బాపుగారి పేరు లోకం పలుకుతుంది. నా పేరు ఒక్క గొంతులోనే ఉండేది.

ఆ డీటీపీ కుర్రాడికి మాత్రం అరసున్న సంగతి కూర్చోబెట్టి చెప్పాను. యూనికోడ్ పట్టికలో తెలుగు సున్న కంటే ముందు గడి అరసున్నదేనని చూపిస్తే ఆశ్చర్యపోయాడు. నాలుగు రాత్రులు పాత ప్రతి పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే గుర్తు పెట్టాను, వాడు ఒక్కొక్కటే ఎక్కించాడు. మూడో రాత్రికి నేను చెప్పకుండానే 'మీఁద' దగ్గర, 'వేఁట' దగ్గర ఆగడం నేర్చుకున్నాడు. నిన్న రెండో ప్రూఫు తీసి, తనే చదువుతానన్నాడు. నేను లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎంతసేపయిందో, వెనకనుంచి వినిపించింది.

"అరసున్న..."

"ఆఁ" అన్నాను.

కుర్రాడు తల ఎత్తి చూశాడు. "అదే సార్, అరసున్న. డెబ్బై మూడో పేజీలో ఇంకొకటి రావాలి."