ఓడలో తొలి బంతి

1888 సెప్టెంబరులో బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరిన క్లైడ్ ఓడలో పద్దెనిమిదేళ్ల గాంధీ భోజనాల గది వైపు వెళ్లనే లేదు. కత్తీ ఫోర్కూ పట్టడం చేతకాదు, వడ్డించేవాటిలో మాంసం లేనివేవో అడగడానికి నోరు రాదు. ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలూ పళ్లూ తింటూ క్యాబిన్‌లోనే గడిపానని ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. ఓడ భోజనాల బల్ల అంటే కొత్తవాడికి కలిగే బెరుకు గురించి ఇంత నిజాయితీగా చెప్పినవాళ్లు అరుదు. క్రూయిజ్ ఓడలు మొదటి సాయంత్రపు భోజనాన్ని ఒక కళగా తీర్చిదిద్దుకున్నది ఈ బెరుకు పోగొట్టడానికేనని నా నమ్మకం. ఎన్ని వంటకాలు పెట్టారన్నది ఆ తర్వాతి లెక్క.

ఆ రోజుల్లో ఓడ ప్రయాణం అవసరం కోసమే. సరదా కోసం సముద్రం మీదికి వెళ్లడమన్నది 1891 జనవరిలో జర్మనీలోని కుక్స్‌హాఫెన్ రేవు నుంచి మధ్యధరా సముద్రానికి బయలుదేరిన ఆగస్టా విక్టోరియా ఓడతో ఊపందుకుంది. చలికాలంలో అట్లాంటిక్ దాటేవాళ్లు తగ్గిపోయి ఓడలు ఖాళీగా ఉంటున్నాయని ఆ ఓడ సంస్థ డైరెక్టర్ ఆల్బర్ట్ బాలిన్ చేసిన ఆలోచన అది. అప్పటి భోజనశాలల్లో పొడవాటి బల్లలు, నేలకు బిగించిన తిరిగే కుర్చీలు ఉండేవి. సముద్రం పొంగితే పళ్లాలు జారిపోకుండా బల్లల అంచుకు చెక్క కట్టు బిగించి, బల్లగుడ్డను నీళ్లతో తడిపేవారు. పెద్ద ఓడల్లో ఆ గదిని కింది అంతస్తులో, ఓడ నడిమి భాగంలో కట్టేవారు. పై అంతస్తుల్లో ఊపు ఎక్కువ, అక్కడ తక్కువ. 1935లో వచ్చిన నార్మాండీ ఓడ భోజనశాల పొడవు 305 అడుగులు. ఏడు వందల మంది ఒకేసారి కూర్చుని తినేవారు.

ఎంత పెద్ద గదైనా ఓడలోని వాళ్లందరికీ చాలదు. అందుకే రెండు బంతులు. క్వీన్ మేరీ 2 ఓడలోని బ్రిటానియా భోజనశాలలో పదమూడు వందలకు పైగా కుర్చీలున్నాయి. సాయంత్రం 6 గంటలకు ఒక బంతి, 8.30కి రెండోది అన్నది అక్కడి పాత పద్ధతి. మన పెళ్లి పందిట్లోనూ ఇంతేగా! తేడా ఒక్కటే. పెళ్లిలో ఎవరి పక్కన ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంటాం. ఓడలో సంప్రదాయం ప్రకారం మొదటి రాత్రి మీకు కేటాయించిన బల్లే ప్రయాణం ముగిసేదాకా మీది. పక్కన కూర్చునేవాళ్లూ, వడ్డించే వెయిటరూ వాళ్లే.

ఈ పద్ధతిలోని నేర్పంతా ఆ వెయిటర్ చేతుల్లో ఉంటుంది. మొదటి రాత్రి అతను వడ్డిస్తూనే ఒక కంట గమనిస్తుంటాడు. ఐసు లేని నీళ్లు ఎవరికి, ఎడమచేతి వాటం ఎవరిది, వేరుశనగ పడనిదెవరికి, కాఫీ భోజనంతోపాటా, చివరనా అన్నీ మనసులో రాసుకుంటాడు. రెండో రాత్రికి ఏదీ అడగకుండానే మీ ముందు ఉంటుంది. అతనికి తోడు ఒక సహాయకుడు, కొన్ని బల్లలు కలిపి చూసుకునే హెడ్ వెయిటర్ ఒకరు. ఈ పనిలో గోవావాళ్లది తరాల అనుభవం. పీ అండ్ ఓ ఓడల్లో పందొమ్మిదో శతాబ్దం నుంచే వాళ్లు వంటవాళ్లుగా, స్టీవార్డులుగా ఉన్నారు. మనం పొందే విశ్రాంతి వెనక ఇంటికి నెలల తరబడి దూరంగా ఉండే మనిషి శ్రద్ధ ఉంది. అతని పేరు తెలుసుకుని, ఆ పేరుతోనే పిలవడం మన వంతు.

శాకాహారులు ఆ మొదటి రాత్రి చేయాల్సిన ముఖ్యమైన పని హెడ్ వెయిటర్‌తో మాట్లాడటం. భారతీయ శాకాహారం కావాలనో, ఉల్లి వెల్లుల్లి లేని జైన భోజనం కావాలనో చెబితే చాలా ఓడల్లో మర్నాటి మెనూ ముందే తెచ్చి చూపిస్తారు. ఒక రోజు వ్యవధి ఇస్తే వంటగది ఏర్పాటు చేస్తుంది. మొహమాటపడితే ఆ ఒక్క పూటే కాదు, ప్రయాణమంతా సలాడ్లతో సరిపెట్టుకోవాలి.

మొదటి రాత్రికి సూటూ పట్టుచీరా అక్కర్లేదు. పాత లైనర్ల కాలం నుంచీ తొలి రాత్రి, చివరి రాత్రి మామూలు దుస్తులే ఆనవాయితీ. పెట్టెలు అప్పటికి క్యాబిన్లకు చేరి ఉండవు, చివరి రాత్రికి సర్దేసి ఉంటాయి. కెప్టెన్ కూడా ఆ పూట సాధారణంగా బల్ల దగ్గర కనిపించరు. రేవు దాటించి, దారి చూపిన పైలట్ దిగి వెళ్లేదాకా ఆయన చోటు ఓడను నడిపే బ్రిడ్జి మీదే. స్వాగత విందు చాలా ఓడల్లో రెండో రాత్రికి జరగడానికి అదొక కారణం.

ఈ భోజనానికి ముందు జరిగే ఒక తంతును చాలామంది విసుక్కుంటారు. అది మస్టర్ డ్రిల్. లైఫ్ జాకెట్ ఎలా తొడుక్కోవాలి, ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలి అన్నది నేర్పుతారు. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో కోస్టా కాంకోర్డియా ఓడ జీలియో దీవి దగ్గర బండను ఢీకొన్నప్పుడు ప్రయాణికులు భోజనాల దగ్గర ఉన్నారు. ఆ సాయంత్రం చివీటావెక్యాలో ఎక్కినవాళ్లకు డ్రిల్ ఇంకా జరగలేదు. 32 మంది చనిపోయారు. అప్పటి నిబంధన ప్రకారం ఎక్కిన ఇరవై నాలుగు గంటల్లోగా డ్రిల్ జరిపితే చాలు. 2015 నుంచి ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే జరిపి తీరాలి. తాపీగా సూపు తాగాలంటే ముందు ఆ పావుగంట మనసుపెట్టి వినాలి.

నిర్ణీత బల్లకు బదులు 2000లో నార్వీజియన్ క్రూయిజ్ లైన్ ఎప్పుడైనా, ఎక్కడైనా, ఎవరితోనైనా తినొచ్చన్న పద్ధతి తెచ్చింది. ఇప్పుడు చాలా ఓడలు ఆ దారిలో ఉన్నాయి. పసిపిల్లలున్నవాళ్లకు అది నిజంగా మేలు. కానీ రోజూ ఎక్కడ తినాలి, ఎన్నింటికి వెళ్లాలి అన్న ఎంపికలు ఊళ్లో ఉన్నప్పుడూ ఉన్నాయి. వాటిని కొన్నాళ్లు పక్కన పెట్టడంలోనే విశ్రాంతి ఉందనుకుంటాను. నిర్ణీత బల్ల ఆ భారం తీసేస్తుంది. నలుగురు అపరిచితులను మూడో రోజుకల్లా పలకరించుకునేవాళ్లుగా మారుస్తుంది.

2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ఎంప్రెస్ ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు బయలుదేరినప్పుడు ఈ అనుభవం తెలుగు కుటుంబాల గుమ్మంలోకి వచ్చింది. 1990లో నార్డిక్ ఎంప్రెస్‌గా పుట్టిన ఓడ అది. విశాఖ రేవు నుంచి ఓడ కదిలేటప్పుడు డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచే దాటుతుంది. అది చూడాలంటే డెక్ మీద ఉండాలి, బల్ల దగ్గర కాదు. వీలుంటే తొలి రోజుకు రెండో బంతి ఎంచుకోమంటాను. మధ్యాహ్నం బఫేలో కనిపించినవన్నీ వడ్డించుకోకపోతే ఆ సమయానికి సరిగ్గా ఆకలి వేస్తుంది.

ఇక భోజనమయ్యాక నేరుగా క్యాబిన్‌కు వెళ్లకండి. డెక్ చుట్టూ రెండుసార్లు నడిస్తే కడుపూ కుదుటపడుతుంది, ఓడ ఊపుకు కాళ్లూ అలవాటుపడతాయి. తల తిరిగినట్టుంటే దూరంగా దిగంతం కేసి చూస్తూ అల్లం ముక్క నమిలితే కొందరికి ఉపశమనంగా ఉంటుంది. బల్ల నచ్చకపోతే మాత్రం ఆ రాత్రే హెడ్ వెయిటర్‌కు చెప్పాలి. మార్పులూ చేర్పులూ తేలిగ్గా జరిగేది అప్పుడే. ఇద్దరే కూర్చునే బల్ల అడగకుండా, ఆరుగురో ఎనిమిది మందో కూర్చునే బల్లనే అడగండి.