గోడ దూరం చెప్పే చెవి

గుడివాడలోనో బందరులోనో, ఖాళీ కల్యాణ మండపంలోకి వచ్చిన మంచి మైకుసెట్టు మనిషి వెంటనే వైర్లు విప్పడు. వేదిక మీద నిలబడి అరచేతులు ఒక్కసారి గట్టిగా చరిచి, చెవి ఒగ్గుతాడు. మన డెల్టా ఉక్కలో, 30 డిగ్రీల వేడిలో, శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. ఆ చప్పుడు సెకనులో పదోవంతుకు తిరిగొచ్చిందంటే పోయివచ్చిన దూరం 35 మీటర్లు. ఎదుటి గోడ పదిహేడున్నర మీటర్లలో ఉన్నట్టు. ఈ లెక్క అతను కాగితం మీద వేయకపోవచ్చు. స్పీకర్లను మాత్రం గోడ మీదికి కాకుండా జనం మీదికి వంచుతాడు, వెనక పరదాలు కట్టిస్తాడు. పొడవాటి హాలైతే నడిమి స్పీకర్లకు వేదిక నుంచి ఉన్న దూరాన్ని బట్టి ఆలస్యం పెడతాడు: 35 మీటర్లకు 100 మిల్లీసెకన్లు. అప్పుడే రెండు వైపుల నుంచి వచ్చే గొంతు ఒక్కటిగా వినిపిస్తుంది. జనం నిండాక ఒళ్లూ బట్టలూ ధ్వనిని పీల్చుకుంటాయి కనుక, ఖాళీ హాల్లో విన్నదాన్ని ఉన్నదున్నట్టు నమ్మడు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ అంచనాయే. దివిసీమ నుంచి వచ్చి చివరి వరసలో కూర్చున్న పెద్దాయనకు నాటకంలో పద్యం అక్షరం చెదరకుండా అందేది అతని వల్లే. పెళ్లయినా నాటకమైనా అతన్ని కాస్త ముందుగా పిలవండి, హాలు నిశ్శబ్దంగా ఉండగానే అతనికి అప్పజెప్పండి.