కొండదేశపు పెండ్లికి డెల్టా దారి: మల్లాది ‘గిరిజాకల్యాణం’లో ప్రయాణ ఘట్టం

వ్యాససంగ్రహం:
శివుడు పెండ్లికొడుకై హిమవంతుని నగరానికి తరలివెళ్ళడం కాళిదాసు ‘కుమారసంభవం’లో విస్తృతమైన ఘట్టం. కృష్ణాజిల్లాకు చెందిన మల్లాది రామకృష్ణశాస్త్రి రచించిన ‘గిరిజాకల్యాణం’ యక్షగానంలో ఈ తరలింపు దాదాపు కనిపించదు. నిడివి తగ్గించడం వల్ల వచ్చిన లోటుగా దీన్ని భావించడం కంటే, పెండ్లికి ఎవరు నడిచివెళ్ళారు అన్న ప్రశ్నకు కవి ఇచ్చిన వేరొక సమాధానంగా చూడడం సమంజసమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గిరిజాకల్యాణం, యక్షగానం, మల్లాది రామకృష్ణశాస్త్రి, కుమారసంభవం, ఎదుర్కోలు.

1. ఉపోద్ఘాతం:
పార్వతీకల్యాణం తెలుగు కవులకు చిరకాలంగా ప్రియమైన ఇతివృత్తం. నన్నెచోడుడు పన్నెండు ఆశ్వాసాల కుమారసంభవంలో దీన్ని విపులంగా చెప్పాడు. శ్రీనాథుడు హరవిలాసంలోని గౌరీకల్యాణ కథను చాలావరకు కాళిదాసు అడుగుజాడల్లో నడిపాడు. ఈ పరంపరలో చివరి మజిలీల్లో ఒకటి 1967లో విడుదలైన ‘రహస్యం’ చలనచిత్రంలోని ‘గిరిజాకల్యాణం’. రచయిత మల్లాది అప్పటికే, 1965లో, కన్నుమూశారు. దర్శకుడు వేదాంతం రాఘవయ్య కూచిపూడిలో పుట్టినవారు. సంగీతం కూర్చిన ఘంటసాల గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లివారు. హిమాలయంలో జరిగిన పెండ్లిని ముగ్గురు కృష్ణాతీరవాసులు ఆడించి, పాడించి చూపారు.

కూచిపూడి నేల కాలువలూ వరిచేలూ ఉన్న సమతలం. అక్కడినుంచి ఎగువకు, విజయవాడ దాకా వస్తే ఇంద్రకీలాద్రి కనిపిస్తుంది. కొండను ఇంతగా ఎరిగినవారికి కొండదేశపు పెండ్లి ఎలా రూపు కట్టిందన్నది ఇక్కడి విచారణ.

2. కాళిదాసులో వరుని తరలింపు:
కుమారసంభవం ఆరవ సర్గలో సప్తర్షులు అరుంధతితో కలిసి హిమవంతుని రాజధాని ఓషధిప్రస్థానికి సంబంధం మాట్లాడడానికి వెళతారు. ఏడవ సర్గలో శివుడు వృషభాన్ని ఎక్కి, దేవగణాలు వెంటరాగా బయలుదేరతాడు. హిమవంతుడు బంధువులతో ఏనుగులపై ఎదురు వస్తాడు. నగర స్త్రీలు సగం అలంకరణలతోనే కిటికీలకు పరుగెత్తుతారు. తెలుగువారి పెండ్లిలోని తరలిరావడం, ఎదుర్కోలు అన్న రెండు ఘట్టాలూ ఇక్కడ స్పష్టంగా ఉన్నాయి.

పురద్వారం వద్ద రెండు పక్షాలు కలిసే తీరును కాళిదాసు ఒకే కట్ట తెగి కలిసిపోయిన రెండు నీటి ప్రవాహాలతో పోల్చాడు. మంచుకొండల మధ్య జరిగే ఎదుర్కోలుకు కవికి దొరికిన ఉపమానం నీటిది! కాలువగట్టుకు గండి పడితే ఏమవుతుందో ఎరిగిన డెల్టా పాఠకునికి ఈ పోలిక అనుభవంగా అందుతుంది. కొండదేశం దూరమైనా దాన్ని చేర్చే భాష దూరం కాదని దీనివల్ల తెలుస్తుంది. కాబట్టి మల్లాది ఈ ఘట్టాన్ని వదలడానికి పరిచయం లేకపోవడం కారణం కాజాలదు.

3. మల్లాదిలో గిరిజ నడక:
మల్లాది కృతిలో శివుడు కైలాసగిరి నుండి కాశికి దిగివచ్చే దొరగా కీర్తింపబడతాడు. కొండను వర్ణించకుండా, కొండ దిగివచ్చిన దైవాన్ని చూపడం ఇందులోని పద్ధతి. ఇక కథలో నడిచేది గిరిజ. ఆమె శివుని సన్నిధికి సేవార్థం వస్తుంది. మన్మథుడు తన బాణానికి ఎవరైనా లొంగవలసిందేనని అతిశయిస్తే, తన స్వామి సామాన్యుడు కాడని గిరిజ అతణ్ణి నిలదీస్తుంది.

ఈ నిలదీత గమనార్హం. కాళిదాసు మూడవ సర్గలో పార్వతి మన్మథునితో ఒక్కమాటా మాట్లాడదు. దహనం తరువాత భయంతో కన్నులు మూసుకున్న కుమార్తెను హిమవంతుడు చేతులలోకి ఎత్తుకొని తీసుకుపోతాడు. అక్కడ మౌనంగా ఉన్న కన్య ఇక్కడ వాదించే వ్యక్తి అయింది. బాణం వల్ల కాక తన భక్తి వల్ల కలగవలసిన పెండ్లి ఇది అని ఆమె వాదన సారం. ఈ వాదన ఉన్నచోట వరుని ఊరేగింపు అప్రధానమవుతుంది. పెద్దలు సంబంధం కుదిర్చి, మగపెండ్లివారు తరలివచ్చి, విడిది దిగే పెండ్లిలో కన్య చివరగా కనిపిస్తుంది. గిరిజ ముందే నడిచి, ముందే మాట్లాడింది.

4. ఒక ఆక్షేపం:
చలనచిత్రంలో అంతర్నాటకం కనుక నిడివి చాలక ఊరేగింపు తొలగిపోయిందని అనవచ్చు. ఇందులో కొంత నిజముంది. అయితే పరిమితి ఎంత వదలాలో చెబుతుంది గాని, ఏది ఉంచుకోవాలో చెప్పదు. అదే పరిమితిలో గిరిజా మన్మథుల సంవాదానికీ, రతి విలాపానికీ చోటు దొరికింది. ఊరేగింపు కూచిపూడి ఆటకు అనువైన దృశ్యమే. అయినా మల్లాది కన్ను సంవాదం మీదే నిలిచింది. పాత్రల వాదప్రతివాదాలతో కథను నడపడం యక్షగానానికి సహజం. భామాకలాపం ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం.

మరొక అంశం ఒప్పుకోవాలి. ఎదుర్కోలు లేకపోవడం వల్ల హిమవంతుని గృహస్థధర్మం, కూతురిని అప్పగించే తల్లి మేన మనోవేదన ఈ కృతిలో వినిపించవు. కాళిదాసు ఎంతో ఆర్ద్రంగా చూపిన ఇంటి పక్షం ఇక్కడ వెలితిగానే మిగిలింది.

5. ముగింపు:
కల్యాణ కథను చదివేటప్పుడు వర్ణన ఎంత ఉందన్న లెక్కతో పాటు, ప్రయాణం ఎవరిదన్న ప్రశ్న కూడా వేయాలి. కాళిదాసు కావ్యంలో కొండదేశానికి తరలివెళ్ళేది వరుడు. మల్లాది యక్షగానంలో ఆ కొండ కూతురే వరుని వద్దకు నడుస్తుంది. ఈ ప్రశ్నతో నన్నెచోడ, శ్రీనాథుల కల్యాణ ఘట్టాలను తిరిగి పరిశీలిస్తే, అనుసరణగా కనిపించే చోట్ల కూడా కవుల స్వతంత్ర నిర్ణయాలు బయటపడే అవకాశం ఉంది.